నీటి డెకాల్ అతికించే పద్ధతి

నీటి డెకాల్ అంటే కాగితం మీద అచ్చు వేసిన పల్చటి రంగు పొర. నీళ్లలో ముంచితే ఆ పొర కాగితం నుంచి విడివడుతుంది. దాన్ని రంగు వేసిన చిన్న మోడల్ మీదికి జరిపి అతికిస్తారు. విమానం మోడల్ రెక్కల మీద గుండ్రటి గుర్తులు, రైలింజను మీద అంకెలు, బస్సు నుదుటి మీద రూటు నంబరు చాలావరకు ఇలా వచ్చినవే.

ఇవన్నీ కుంచెతో ఎందుకు రాయకూడదు అన్న ప్రశ్న సహజమే. ఒక చిన్న లెక్క చూస్తే సంగతి తెలుస్తుంది. విమానాల మోడల్స్‌లో బాగా వాడుకలో ఉన్న కొలత 72వ వంతు. అంటే అసలు విమానం మీద 10 సెంటీమీటర్ల ఎత్తున్న అక్షరం మోడల్ మీద మిల్లీమీటరున్నర కూడా ఉండదు. అంత చిన్న అక్షరాలను వరసగా, ఒకే మందంలో, కుంచెతో రాయడం ఎంత చెయ్యి తిరిగినవారికైనా కష్టం. అచ్చులో అది సుళువు. అందుకే డెకాల్ వచ్చింది.

విమానాల మీది ఈ అక్షరాలకు హైదరాబాద్‌తో దగ్గరి సంబంధం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో, 1918లో, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బ్రిటిష్ వైమానిక దళానికి విమానాల కోసం డబ్బిచ్చారు. ఆ డబ్బుతో 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్ 9ఏ విమానాలు సమకూరాయి. ఇవి హైదరాబాద్ నిజాం ఇచ్చినవని ఆ విమానాల ఒంటి మీద రాశారు. స్క్వాడ్రన్ పేరులోనూ హైదరాబాద్ చేరింది. వాటిలో ఎఫ్ 1010 అనే విమానం 1918 అక్టోబరు 5న జర్మన్ల చేతికి చిక్కింది. బెర్లిన్‌లో, తర్వాత పోలండ్‌లోని క్రాకో నగరంలో ఉండి, 1977లో బ్రిటన్‌కు తిరిగి వచ్చింది. ఇప్పుడది అక్కడి రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఉంది.

రెండో ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ పేరు మరో రెండు స్క్వాడ్రన్లకు వచ్చింది. ఒకటి 152, రెండోది 253. 152వ స్క్వాడ్రన్ 1940లో బ్రిటన్ ఆకాశంలో స్పిట్‌ఫైర్ విమానాలతో పోరాడింది. దాని చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా. ఆ తలపాగాను పాతబస్తీవాసులు చౌమహల్లా ప్యాలెస్‌లోని నిజాంల చిత్తరువుల్లో చూసే ఉంటారు. ఆ స్పిట్‌ఫైర్‌ల పక్కలకు యు, ఎం అన్న రెండు పెద్ద అక్షరాలు ఉండేవి. ఆ రెండక్షరాలను చూసి అది 152వ స్క్వాడ్రన్ విమానమని గుర్తుపట్టేవారు. కాబట్టి మోడల్ చేసేవారికి డెకాల్ అలంకారం కాదు. అది ఆ విమానం పేరు, ఊరు. రంగంతా చక్కగా కుదిరి, పేరు మాత్రం వంకరగా, పొక్కులతో ఉంటే చేసిన శ్రమకు విలువ ఉండదు.

డెకాల్ కాగితంలో మూడు పొరలుంటాయి. అడుగున నీటిని పీల్చే కాగితం. దాని మీద పల్చటి జిగురు. ఈ జిగురు ఎక్కువగా పిండిపదార్థం నుంచి తీసిన డెక్‌స్ట్రిన్. దాని పైన పారదర్శకమైన సన్నటి పొర, ఆ పొరలోనే రంగుల అచ్చు. నీళ్లలో పెట్టగానే కాగితం తడిని పీలుస్తుంది. అడుగు నుంచి జిగురు కరుగుతుంది. పై పొర వదులవుతుంది. కరిగిన జిగురులో కొంత పై పొరకు అంటుకునే ఉంటుంది. మోడల్‌కు పట్టుకోవడానికి అదే సాయపడుతుంది. అందుకే డెకాల్‌ను గంటసేపు నీళ్లలో వదిలేయకూడదు. వదిలేస్తే జిగురంతా కొట్టుకుపోతుంది.

ఈ పని మొత్తానికీ మూలసూత్రం ఒక్కటే. డెకాల్ పొరకూ రంగుకూ మధ్య గాలి మిగలకూడదు. వినేవారు మిగతావి మరిచిపోయినా ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు. పొర కింద గాలి మిగలకూడదు.

గాలి మిగిలితే ఏమవుతుంది? అతికించిన రోజు అంతా బాగానే కనిపిస్తుంది. ఆరాక, వెలుగులో కాస్త పక్కకు తిప్పి చూస్తే, అక్షరాల చుట్టూ తెల్లటి, వెండిలాంటి మెరుపు బయటపడుతుంది. ఇది డెకాల్ లోపం కాదు, నీటి మరకా కాదు. దీనికి కారణం కింద ఉన్న రంగు. యుద్ధవిమానాలకు వేసే రంగులు మెరుపు లేని మ్యాట్ రంగులు. మ్యాట్ రంగు కంటికి నున్నగా కనిపించినా, నిజానికి దాని నిండా కంటికి ఆనని ఎత్తుపల్లాలుంటాయి. డెకాల్ పొర ఆ ఎత్తుల మీద మాత్రమే ఆనుతుంది. పల్లాల్లో గాలి చిక్కుకుంటుంది. పడిన వెలుగు ఆ గాలిబుడగల దగ్గర చెదిరి వెనక్కి వస్తుంది. అదే ఆ వెండి మెరుపు.

చార్మినార్ చుట్టుపక్కల గల్లీల్లో తరతరాలుగా వెండి వరక్ కొడుతున్నారు. కోవా బిళ్ల మీద వరక్ వేసేవారిని గమనిస్తే డెకాల్ పని సగం అర్థమైనట్టే. వరక్‌ను వేళ్లతో ఎత్తరు. ఎత్తితే చిరుగుతుంది. అది ఉన్న కాగితంతో సహా తెచ్చి, మిఠాయి మీద బోర్లించి, కాగితం తీసేస్తారు. ఫ్యాను గాలి తగిలినా మడతపడుతుంది. నున్నగా, కాస్త తడిగా ఉన్న బర్ఫీ మీద వరక్ అంతటా ఒకేలా అతుక్కుంటుంది. గరుకుగా, పొడిపొడిగా ఉన్న మిఠాయి మీద ఎక్కడికక్కడ ఖాళీలు వస్తాయి. డెకాల్‌కూ కావలసింది అదే: నున్నటి అడుగు, కాస్త తడి, కాగితం మీది నుంచే కదిలించడం, గాలి తగలకుండా చూడటం.

ఇక పని వరసలోకి వస్తే, మొదటి మెట్టు అడుగును నున్నగా చేయడం. మోడల్‌కు వేసిన రంగు పూర్తిగా ఆరాలి. అక్రిలిక్ రంగయితే ఒక రోజు చాలు. ఎనామిల్ అయితే రెండు మూడు రోజులు ఆగడం మంచిది. ఆరాక దాని మీద పారదర్శకమైన గ్లాస్ వార్నిష్ వేస్తారు. గ్లాస్ అంటే మెరిసేది. టమియా ఎక్స్ 22 వంటివి ఇందుకు వాడుకలో ఉన్నాయి. ఒకే మందపు పూత వెయ్యకూడదు. పల్చగా రెండు మూడు పూతలు వెయ్యాలి. రెక్కల మీది సన్నటి గీతలు పూడిపోకుండా చూడాలి. ఈ వార్నిష్ రంగులోని పల్లాలను నింపుతుంది. గాలి దాక్కునే చోటు పోతుంది. విమానం చివరికి మెరుపు లేకుండానే ఉండాలి కదా, మరి మెరుపు వార్నిష్ ఎందుకు అనిపించవచ్చు. ఆ మెరుపును ఆఖరున తీసేసే ఉపాయం ఉంది. అది చివర్లో వస్తుంది.

రెండో మెట్టు చోటు నిర్ణయించడం. దీన్ని తడి చేయకముందే చేసుకోవాలి. 72వ వంతు స్పిట్‌ఫైర్ రెక్క మీది గుండ్రటి గుర్తు అడ్డంగా సుమారు 2 సెంటీమీటర్లు ఉంటుంది. రెండు రెక్కల మీదా అది రెక్క చివరి నుంచి ఒకే దూరంలో ఉండాలి. ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా కన్ను పట్టేస్తుంది. సన్నటి మాస్కింగ్ టేప్ ముక్కలు రెక్కల మీద గుర్తుగా అంటించి, వాటిని ఆనుకుని డెకాల్ పెడితే పొరపాటు రాదు. పని అయ్యాక టేప్ తీసేస్తారు.

మూడో మెట్టు కత్తిరించడం. ఒకేసారి ఒక్క డెకాల్‌నే షీటు నుంచి కోసుకోవాలి. కొత్త బ్లేడు వాడాలి. మొద్దు బ్లేడుతో కోస్తే అంచు లేచి ఉంటుంది. అక్షరం చుట్టూ ఉన్న ఖాళీ పొరను వీలైనంత దగ్గరగా కోసేయాలి. ఖాళీ పొర ఎంత తక్కువ ఉంటే గాలి చిక్కే చోటు అంత తక్కువ.

నాలుగో మెట్టు తడపడం. నీళ్ల విషయంలో పాతబస్తీలోనే కాదు, హైదరాబాద్ అంతటా ఒక జాగ్రత్త అవసరం. బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా, కఠినంగా ఉంటాయి. ఆరితే తెల్లటి చారలు మిగులుతాయి. అవి డెకాల్ అంచుల్లో చేరితే తుడవడం కష్టం. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకుంటే ఆ బెడద ఉండదు. ఒక చిన్న సీసా ఎన్నో మోడల్స్‌కు సరిపోతుంది. సాసర్‌లో గోరువెచ్చటి నీళ్లు పోసి, డెకాల్‌ను ట్వీజర్‌తో పట్టుకుని 10 నుంచి 20 సెకన్లు ముంచాలి. బయటకు తీసి, తడి టిష్యూ మీద ఒక నిమిషం ఉంచాలి. అప్పుడు తడి బ్రష్‌తో మెల్లగా నెట్టి చూడాలి. పొర కదిలితే సిద్ధమైనట్టు. కదలకపోతే బలవంతం చేయకూడదు. మరో అర నిమిషం ఆగాలి. చిరిగే డెకాల్స్‌లో చాలావరకు ఇక్కడ తొందరపడినప్పుడే చిరుగుతాయి.

ఐదో మెట్టు జరపడం. డెకాల్ వచ్చే చోట ముందుగా ఒక నీటి బొట్టు పెట్టాలి. కాగితాన్ని ఆ చోటు పక్కన ఆనించి, పొరను బ్రష్‌తో కాగితం మీది నుంచి మోడల్ మీదికి జరపాలి. కాగితాన్ని పక్కకు లాగేయాలి. కింద నీళ్లున్నంతసేపు పొర తేలుతూ ఉంటుంది. అటూ ఇటూ జరిపి సరిచేసుకోవచ్చు. యు, ఎం అక్షరాలు ఒకే వరసలో ఉన్నాయా, నిలువుగా ఉన్నాయా అని ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి చూడాలి. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో గాలి పొడిగా ఉంటుంది. నీళ్లు చూస్తుండగానే ఆరిపోతాయి. బ్రష్‌తో మళ్లీ ఒక బొట్టు వేస్తే పొర తిరిగి కదులుతుంది. ఈ పని జరుగుతున్నంతసేపు ఫ్యాను ఆపేసి ఉంచాలి.

ఆరో మెట్టు అసలైన మెట్టు. గాలిని, నీటిని బయటకు పంపడం. టిష్యూ మూలను డెకాల్ అంచుకు తాకిస్తే నీటిని అదే పీల్చుకుంటుంది. తర్వాత తడి ఇయర్ బడ్‌ను డెకాల్ నడిమి నుంచి అంచులవైపు మెల్లగా దొర్లించాలి. రుద్దకూడదు, దొర్లించాలి. రుద్దితే పొర జరుగుతుంది. నడిమి నుంచి అంచులకు దొర్లిస్తే కింది నీరూ గాలీ బయటకు పోతాయి. అంచుల నుంచి నడిమికి దొర్లిస్తే గాలి మధ్యలో చిక్కుకుంటుంది.

విమానం ఒళ్లంతా చదునుగా ఉండదు. రేకుల మధ్య గీతలు, రివెట్లు, వంపులు ఉంటాయి. గట్టిపొర అక్కడ ఒదగదు. అందుకు రెండు రకాల ద్రావకాలు దొరుకుతాయి. మైక్రోస్కేల్ సంస్థ వీటిని మైక్రో సెట్, మైక్రో సోల్ అన్న పేర్లతో అమ్ముతుంది. జపాన్ వారివి మిస్టర్ మార్క్ సెటర్, మిస్టర్ మార్క్ సాఫ్టర్. సెట్ రకాన్ని డెకాల్ పెట్టేముందు అడుగున రాస్తారు. అది పట్టు పెంచుతుంది. మైక్రో సెట్‌కు వెనిగర్ వాసన వస్తుంది. దానిలో ఎసిటిక్ ఆమ్లం ఉండటమే కారణం. వంటింటి వెనిగర్‌ను నీళ్లతో పల్చన చేసి వాడేవారూ ఉన్నారు. రెండో రకం, అంటే సోల్ లేదా సాఫ్టర్, డెకాల్ పెట్టిన తర్వాత పైన రాయాలి. అది పొరను మెత్తబరిచి గీతల్లోకి, రివెట్ల మీదికి దిగేలా చేస్తుంది.

ఇక్కడ కొత్తవారు కంగారుపడే ఘట్టం ఒకటి వస్తుంది. సాఫ్టర్ రాసిన కాసేపటికి డెకాల్ ముడతలు పడుతుంది. చక్కగా కుదిరిన గుర్తు పాడైపోయిందనిపిస్తుంది. అప్పుడు దాన్ని వేలితో గానీ బ్రష్‌తో గానీ ముట్టకూడదు. పొర ఆ సమయంలో ఎంత మెత్తగా ఉంటుందంటే, తాకితే చిరిగిపోతుంది. వదిలేస్తే అదే సర్దుకుంటుంది. ఆరేకొద్దీ ముడతలు పోయి, కింది గీతలన్నీ పైకి తేలతాయి. రంగుతో రాసినట్టే కనిపిస్తుంది. ఈ ద్రావకాలు అన్ని డెకాల్స్‌కూ పడవు. షీటులో అక్కర్లేని ఒక చిన్న గుర్తు మీద ముందు ప్రయోగించి చూడాలి.

డెకాల్ మీద డెకాల్ వచ్చే సందర్భాలూ ఉన్నాయి. బర్మా రంగంలో 152వ స్క్వాడ్రన్ నడిపిన ఎనిమిదో రకం స్పిట్‌ఫైర్‌లు మంచి ఉదాహరణ. వాటి పక్కన గుండ్రటి గుర్తు మీదుగా నల్ల చిరుత ఒకటి దూకుతూ ఉంటుంది. ఆ గుండ్రంలో ఎరుపు ఉండదు. జపాన్ విమానాల ఎర్ర గుర్తుతో పొరబడకుండా దాన్ని తీసేసి, రెండు రకాల నీలమే ఉంచారు. మోడల్ మీద ముందు గుండ్రం అతికించాలి. ఒక రోజు ఆరనివ్వాలి. దాని మీద పల్చగా గ్లాస్ వార్నిష్ వెయ్యాలి. అది ఆరాకే చిరుత. తొందరపడితే సాఫ్టర్ రెండు పొరలనూ ఒకేసారి మెత్తబరుస్తుంది. సూత్రం మాత్రం మారదు. చిరుతకూ గుండ్రానికీ మధ్య కూడా గాలి మిగలకూడదు.

అన్నీ జాగ్రత్తగా చేసినా ఎక్కడో ఒకచోట వెండి మచ్చ మిగలవచ్చు. దానికీ మందుంది. కొత్త సూది మొనతో ఆ మచ్చ మీద కొన్ని సన్నటి చిల్లులు పొడవాలి. పైన సాఫ్టర్ ఒక బొట్టు వెయ్యాలి. చిల్లుల గుండా ద్రావకం లోపలికి దిగుతుంది, గాలి బయటకు వస్తుంది. ఒకసారికి తగ్గకపోతే, ఆరాక మరోసారి చెయ్యవచ్చు.

ఏళ్ల తరబడి పెట్టెలో పడి ఉన్న డెకాల్స్‌తో రెండు చిక్కులు వస్తాయి. పారదర్శకమైన పొర పసుపెక్కుతుంది. లేదా నీళ్లలో వేయగానే ముక్కలవుతుంది. పసుపెక్కిన షీటును ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఎండ పడే కిటికీ అద్దానికి లోపలివైపు అంటిస్తే కొన్నాళ్లకు పసుపు తగ్గుతుంది. మన ఎండలు ఇందుకు బాగా పనికొస్తాయి. పాత షీటును వాడేముందు ఒక అక్కర్లేని ముక్కను నీళ్లలో వేసి చూడాలి. అది ముక్కలైతే, మిగతా షీటు మీద పారదర్శకమైన వార్నిష్ పల్చగా వేసి, ఆరాక కోసుకుంటే కొత్త పొర ఏర్పడి నిలుస్తుంది.

బజారులో దొరకని గుర్తులను ఇంట్లోనే అచ్చు వేసుకోవచ్చు. సికింద్రాబాద్ నుంచి జూపార్క్‌కు వెళ్లిన 7జెడ్ డబుల్ డెక్కర్ బస్సును పాతబస్తీవారు మరచిపోలేదు. ఆ బస్సు మోడల్ చేసేవారికి తెలుగు అక్షరాల బోర్డు ఏ విదేశీ పెట్టెలోనూ దొరకదు. డెకాల్ కాగితం తెప్పించుకుని, కంప్యూటర్‌లో బోర్డును మోడల్ కొలతకు తగ్గించి అచ్చు వేసుకోవాలి. ఇంక్‌జెట్ ప్రింటర్ సిరా నీళ్లలో కరుగుతుంది. కాబట్టి అచ్చు ఆరాక పైన వార్నిష్ స్ప్రే చేసి, అదీ ఆరాకే ముంచాలి. లేజర్ ప్రింటర్ అచ్చు నీళ్లకు చెదరదు. అయినా దాని మీద ఒక పల్చటి పూత వేస్తే గీతలు పడవు. ఇంకో సంగతి. మామూలు ప్రింటర్ తెల్లరంగు అచ్చు వేయలేదు. ముదురు రంగు మీద తెల్ల అక్షరం కావాలంటే అడుగు తెల్లగా ఉన్న డెకాల్ కాగితం మీద చుట్టూ ఆ ముదురు రంగును అచ్చు వెయ్యాలి. లేత రంగు బోర్డు మీద నల్ల అక్షరాలైతే పారదర్శకమైన కాగితం చాలు.

డెకాల్స్ అన్నీ ఆరాక, ఒక రోజు ఆగి, తడి మెత్తటి గుడ్డతో మోడల్‌ను తుడవాలి. చుట్టూ మిగిలిన జిగురు మరకలు పోతాయి. మళ్లీ ఒక పల్చటి గ్లాస్ పూత వేస్తే డెకాల్ అంచు కనబడదు. దాని మీద ఆఖరి పూత మ్యాట్ వార్నిష్. ముందు చెప్పిన ఉపాయం ఇదే. మ్యాట్ పూత పడగానే మెరుపంతా పోతుంది. రంగూ గుర్తూ ఒకే తీరుగా కనిపిస్తాయి. వానాకాలంలో స్ప్రే వార్నిష్ వేసేటప్పుడు జాగ్రత్త కావాలి. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే పూత తెల్లగా మసకబారుతుంది. వాన వెలిసి, గాలి పొడిగా ఉన్న పూట చూసి వెయ్యాలి. స్ప్రే ఆరుబయట గానీ, కిటికీలు తెరిచిన చోట గానీ, మాస్కు పెట్టుకుని చెయ్యాలి. ద్రావకాల సీసాలు, బ్లేడ్లు పిల్లలకు అందకుండా పెట్టాలి.

మొత్తం వరస మరొక్కసారి. ముందు గ్లాస్ వార్నిష్‌తో అడుగు నున్నగా చెయ్యాలి. చోటు గుర్తు పెట్టుకోవాలి. ఒక్కొక్క డెకాల్‌నే కోసి, మంచినీళ్లలో కొద్దిసేపే ముంచాలి. దానంతట అది కదిలేదాకా ఆగాలి. నీటి బొట్టు మీద జరిపి, నడిమి నుంచి అంచులకు గాలిని పంపాలి. సాఫ్టర్ రాశాక ముట్టకూడదు. ఆరాక తుడిచి, ముందు గ్లాస్, తర్వాత మ్యాట్ పూత వెయ్యాలి. ప్రతి మెట్టూ ఒకే పని కోసం: పొర కింద గాలి మిగలకూడదు. మొదటిసారి చేసేవారు ఖరీదైన మోడల్‌తో మొదలుపెట్టనక్కర్లేదు. రంగు, గ్లాస్ వార్నిష్ వేసిన ఒక ప్లాస్టిక్ ముక్క మీద, షీటులో మిగిలిన గుర్తులతో రెండు మూడుసార్లు సాధన చేస్తే చెయ్యి కుదురుతుంది.